మన పేర్లు ఏ సర్వర్‌లో ఉన్నాయి?

మా అమ్మాయి కౌలాలంపూర్‌లో చరిత్ర చదువుతోంది. చివరి ఏడాది ప్రాజెక్టుకు క్లాంగ్ చుట్టుపక్కల రబ్బరు ఎస్టేట్లలో బతికిన తెలుగు కుటుంబాల విషయం తీసుకుంది. ఆ మధ్య ఒక రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, ‘అమ్మా, ముత్తాత పేరు ఎక్కడ వెతకాలి?’ అని అడిగింది.

నేను శ్రీకాకుళం జిల్లా నుంచి క్లాంగ్‌కు కోడలిగా వచ్చి 24 ఏళ్లయింది. పెళ్లికి ముందు ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి, పుస్తకం, కాగితం, కేటలాగ్ అంటే ఇంట్లో అందరూ నా వైపే చూస్తారు. ఆ రాత్రి ఒంటిగంట దాకా ఇద్దరం వెతికాం. సింగపూర్ నేషనల్ లైబ్రరీ పాత పత్రికలన్నీ స్కాన్ చేసి పెట్టిన న్యూస్‌పేపర్‌ఎస్‌జీ చూశాం. ఇంటర్నెట్ ఆర్కైవ్ చూశాం. మలేసియా యూనివర్సిటీల థీసిస్‌లు చూశాం. పైసా ఖర్చు లేకుండా, ఎవరినీ బతిమాలకుండా, ఇంట్లో కూర్చుని వందేళ్ల నాటి పత్రికలు చదివాం. నేను లైబ్రరీలో పనిచేసిన రోజుల్లో ఇది ఊహకు కూడా అందేది కాదు.

కానీ ముత్తాత పేరు దొరకలేదు. ఆయనతో పాటు అదే ఎస్టేట్‌లో పనిచేసిన వాళ్ల పేర్లూ దొరకలేదు. ఎందుకు దొరకలేదన్న ప్రశ్నే ఈ వ్యాసం. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. మలేసియాలో స్థిరపడిన చాలా తెలుగు కుటుంబాలది ఇదే పరిస్థితి.

సమ్మె వార్త ఉంది, కూలీ పేరు లేదు

క్లాంగ్ వాళ్లకు తెలిసిన ఒక్క ఉదాహరణ చెబుతాను. 1941 మార్చి నుంచి మే దాకా క్లాంగ్ ప్రాంతంలో రబ్బరు ఎస్టేట్ల భారతీయ కార్మికులు పెద్ద సమ్మె చేశారు. ఆర్.హెచ్. నాథన్ వంటి వారు ముందు నిలిచారు. చైనా కార్మికులతో సమానంగా కూలి ఇవ్వాలి, పిల్లలకు చదువు చెప్పించాలి, కల్లు దుకాణాలు మూసేయాలి, దొరలు ఎదురైనప్పుడు సైకిల్ దిగి నిలబడాలన్న పద్ధతి పోవాలి అని అడిగారు. ప్రభుత్వం సెలాంగోర్‌లో ఎమర్జెన్సీ ప్రకటించి సైన్యాన్ని దింపింది. కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. నాథన్‌ను దేశం నుంచి పంపేశారు.

ఇదంతా ఆనాటి ఇంగ్లిష్ పత్రికల్లో, తర్వాత వచ్చిన పరిశోధనల్లో చదువుకోవచ్చు. నాయకుల పేర్లున్నాయి, అధికారుల పేర్లున్నాయి. కూలీలు మాత్రం ‘ఇంత మంది భారతీయ కూలీలు’ అనే లెక్కలోనే కనిపిస్తారు. వారిలో తెలుగు వాళ్లు ఎందరు, ఏ ఇంటిపేరు వాళ్లు, ఏ ఊరి వాళ్లు అన్నది ఆ వార్తల నుంచి తెలియదు. పత్రికను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా పెట్టినా, అందులో రాయని పేరు కొత్తగా పుట్టదు కదా.

ఫిజీకి ఉన్న కాగితం మనకెందుకు లేదు?

ఇదే పని ఫిజీలోనో, దక్షిణాఫ్రికాలోనో, సూరినామ్‌లోనో చేసి ఉంటే మా అమ్మాయికి ఇంత కష్టం ఉండేది కాదు. అక్కడికి మనవాళ్లు వెళ్లింది ఇండెంచర్ పద్ధతిలో. అంటే ఐదేళ్ల ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్లారు. ఒప్పందం ఉంది కాబట్టి ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చ కూడా రాశారు. నేటాల్‌కు 1860 నుంచి 1911 దాకా వెళ్లిన లక్షా యాభై రెండు వేల మంది ఓడల జాబితాలు ఉన్నాయి. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా వెళ్లిన సుమారు 60 వేల మంది ఎమిగ్రేషన్ పాసులు ఉన్నాయి. సూరినామ్ వాళ్లు నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి పూర్వీకుల వివరాలు చూసుకుంటున్నారు. ఫిజీ, గయానా, సూరినామ్, ట్రినిడాడ్‌లలోని ఈ రికార్డులను 2011లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల రిజిస్టర్‌లో చేర్చింది.

మలయా కథ వేరు. ఇక్కడ ఇండెంచర్ 1910లోనే ఆగిపోయింది. ఆ తర్వాత మనవాళ్లు ఎక్కువగా కంగాణీ వెంట వచ్చారు. ఎస్టేట్‌లో పనిచేసే మేస్త్రీయే ఊరికి వెళ్లి, తన చుట్టాలనూ ఊరివాళ్లనూ వెంటబెట్టుకొచ్చేవాడు. ఐదేళ్ల ఒప్పందం లేదు. నెల రోజుల ముందు చెప్పి మానేయొచ్చు. కూలీకి ఇది కొంత మేలే. కానీ ఒప్పంద కాగితం లేకపోవడంతో, మనిషి మనిషికీ నంబరేసి కట్టిన ఫైలూ తయారు కాలేదు. పేరు కంగాణీ పుస్తకంలో, ఎస్టేట్ హాజరు పట్టీలో మిగిలింది. ఆ పట్టీలు కంపెనీ సొత్తు. ఎస్టేట్లు చేతులు మారాయి, రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది, చాలా చోట్ల పామాయిల్ కూడా పోయి ఇళ్లు లేచాయి. పట్టీలు ఏమయ్యాయో అడిగే దిక్కు లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. దక్షిణ భారతం నుంచి కూలీలను రప్పించడానికి 1907లో పెట్టిన నిధికి ‘తమిళ ఇమిగ్రేషన్ ఫండ్’ అని పేరు పెట్టారు. విశాఖ, గంజాం జిల్లాల నుంచి వచ్చిన వాళ్లు కూడా ఆ గొడుగు కిందికే వచ్చారు. పాత ఇంగ్లిష్ కాగితాల్లో మన భాషను ‘తెలెగు’ అని రాశారు, ‘తెలింగా’ అనీ రాశారు. ఇప్పటి పిల్లలు ‘తెలుగు’ అని ఇంగ్లిష్‌లో కొడితే సగం రాదు. మా అమ్మాయి నాలుగు రకాల స్పెల్లింగులు కాగితం మీద రాసుకుని వెతకడం మొదలుపెట్టాకే ఆ మాత్రమైనా దొరికింది. విశాఖపట్నాన్ని ‘వైజాగపటం’ అని, శ్రీకాకుళాన్ని ‘చికాకోల్’ అని వెతకాలి. డిజిటల్ భాండాగారంలో ఉన్నంత మాత్రాన దొరికినట్టు కాదని ఆ రాత్రే తెలిసింది.

మా ఇంటి ట్రంకు పెట్టె

మరుసటి ఆదివారం మామయ్య గారు లోపలి గదిలోంచి ఒక సంచి తెచ్చి మనవరాలి ముందు పెట్టారు. అందులో నాలుగు పొడుగు నోటు పుస్తకాలు. ఆయన తండ్రిగారు ఎస్టేట్ రామ భజన మందిరానికి లెక్కలు రాసేవారట. 1950ల నుంచి 60ల మధ్య దాకా శ్రీరామనవమి చందాల లెక్కలు. ఎడమ వైపు ఇంటిపేరుతో సహా పేరు, పక్కనే ఇండియాలో ఊరు, కుడి వైపు డాలర్లు, సెంట్లు. అంతా తెలుగులో, గుండ్రటి చేతిరాతలో. కొన్ని పేజీల్లో ఆదివారం తెలుగు బడికి వచ్చిన పిల్లల హాజరు కూడా ఉంది.

మా అమ్మాయి వెతుకుతున్నది అదే. ఏ ప్రభుత్వం దగ్గరా, ఏ కంపెనీ దగ్గరా లేని జాబితా. మనిషి పేరు, ఊరు, కుటుంబం. ఈ లెక్కలు ఏ పరిశోధకుడి కోసమూ రాసినవి కావు. రేపు ఎవరైనా ‘నా చందా ఏమైంది’ అని అడిగితే చూపించడానికి రాసినవి. అందుకే వాటిని నమ్మొచ్చు.

నిజానికి ఆ పుస్తకాలు ఏడు ఉండాలి. 2021 డిసెంబర్ 18న సెలాంగోర్‌ను ముంచిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. మా వీధిలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. ఫ్రిజ్, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు పైకెత్తుకున్నాం. మంచం కింది ట్రంకు పెట్టె ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక చూస్తే అడుగునున్న మూడు పుస్తకాలు ముద్దయిపోయాయి. నేను చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. వాటిని ఎండలో పెట్టాను, పేజీలు విడదీయబోయాను, పైనుంచి ఇస్త్రీ పెట్టె తిప్పాను. లైబ్రరీలో పనిచేసిన దాన్ని నేనే అలా చేశాను. తడిసిన పుస్తకాన్ని ఎండబెట్టకూడదట. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలట. రెండు రోజులు దాటితే బూజు పట్టడం మొదలవుతుందట. ఇవి తెలిసేసరికి మూడు పుస్తకాలూ చెత్తబండి ఎక్కాయి.

ఎన్ని కుటుంబాల పేర్లు ఆ మూడింటిలో పోయాయో ఇక ఎవరూ చెప్పలేరు. రెండో ప్రతి లేదు కాబట్టి.

పెట్టాలా, వద్దా?

మిగిలిన నాలుగింటినీ ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడదామని మా అమ్మాయి అనగానే మామయ్య గారు ఒప్పుకోలేదు. ‘అందులో చందాలొక్కటే లేవమ్మా’ అన్నారు. నిజమే. చివరి పేజీల్లో చేబదుళ్లు ఉన్నాయి. మందిరం డబ్బు ఎవరు ఎంత తీసుకున్నారు, ఎవరు తీర్చలేదు, ఎవరు చెప్పకుండా ఎస్టేట్ వదిలి వెళ్లారు అని రాసి ఉంది. కొన్ని పేర్ల పక్కన కులం ఉంది. ‘వాళ్ల మనవళ్లు ఇవాళ మన పక్క వీధిలోనే ఉన్నారు. తాత ఎగ్గొట్టిన పదిహేను డాలర్లు ప్రపంచమంతా చూడాలా?’ అని అడిగారు.

ఆ మాటకు మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. మా అమ్మాయి తరం అన్నీ తెరిచి ఉండాలంటుంది. మామయ్య గారి తరం అన్నీ మూసి ఉంచడమే మర్యాద అనుకుంటుంది. ఈ రెండింటి మధ్యే చాలా ఇళ్లలో కాగితాలు చెదలకు పోతున్నాయి.

ఆర్కైవ్స్‌లో పనిచేసే వాళ్లు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు. ఒక పుస్తకం ఉందని చెప్పడం ఒక పని, దాని పేజీలన్నీ చూపించడం మరో పని. ‘ఫలానా ఎస్టేట్ భజన మందిరం లెక్కల పుస్తకం, ఫలానా ఏళ్లవి, ఫలానా కుటుంబం దగ్గర ఉంది’ అన్న వివరం అందరికీ తెరిచి పెట్టొచ్చు. చందాల పేజీలు పెట్టొచ్చు. అప్పుల పేజీలు స్కాన్ చేసి, కొన్నేళ్ల పాటు బయటికి రాకుండా మూసి ఉంచొచ్చు. ఇప్పటి డిజిటల్ రిపాజిటరీల్లో చాలావాటిలో ఈ గడువు పెట్టుకునే ఏర్పాటు ఉంది. అంటే తెరవడమా, మూయడమా అని ఒకేసారి తేల్చుకోనక్కర్లేదు. పేజీని బట్టి తేల్చుకోవచ్చు. కాపాడటం మాత్రం అన్ని పేజీలకూ ఇప్పుడే జరగాలి.

చందా వేరు, తెరిచిన తలుపు వేరు

ఇక్కడ కాస్త లోకం వైపు చూద్దాం. ప్రజల డబ్బుతో జరిగిన పరిశోధన ప్రజలందరికీ ఉచితంగా అందాలన్న ఉద్యమానికి 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటనతో ఒక రూపం వచ్చింది. ఓపెన్ యాక్సెస్ అన్న మాట అందరి నోళ్లలో పడింది అప్పటి నుంచే. పరిశోధన వ్యాసం ఖరీదైన జర్నల్‌లో వచ్చినా, దాని ప్రతి ఒకటి యూనివర్సిటీ రిపాజిటరీలో ఎవరైనా చదువుకునేలా ఉండాలన్నది అందులో ఒక దారి.

భారత ప్రభుత్వం 2024 నవంబర్ 25న ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 జర్నళ్లు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. శ్రీకాకుళంలోని ప్రభుత్వ కాలేజీ విద్యార్థికి ఇది పెద్ద వరమే. నేను పనిచేసిన లైబ్రరీకి ఒక్క విదేశీ జర్నల్ తెప్పించే స్తోమత ఉండేది కాదు.

కానీ ఇది తలుపు తెరవడం కాదు, మరికొందరికి తాళం చెవి కొనివ్వడం. ఆ సంస్థలకు బయట ఉన్న వాళ్లకు ఆ జర్నళ్లు మూసే ఉంటాయి. ప్రవాసులమైన మనమూ ఆ బయట ఉన్నవాళ్లలోనే. అదే శోధ్‌గంగను చూడండి. భారత యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లను అందులో పెట్టాలని యూజీసీ 2009లోనే నిబంధన తెచ్చింది. దాన్ని చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్లాంగ్‌లో మా అమ్మాయి, హైదరాబాద్‌లో ఒక ప్రొఫెసర్ ఒకే పేజీ ఒకేసారి చదవొచ్చు. ఖర్చు పరంగా రెండోది చిన్నది, చేరువ పరంగా అదే పెద్దది.

మన గురించి రాసిన పుస్తకాల సంగతీ అంతే. మలయాకు వచ్చిన భారతీయుల మీద కెర్నియల్ సింగ్ సంధు రాసిన గ్రంథం 1969లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. అందులో భాషల వారీ లెక్కలున్నాయి, తెలుగు వాళ్ల లెక్కా ఉంది. అది కాపీరైట్ ఉన్న పుస్తకం, కొనాలి లేదా పెద్ద లైబ్రరీకి వెళ్లాలి. మలయా యూనివర్సిటీ, పుత్రా యూనివర్సిటీ వంటివి తమ విద్యార్థుల థీసిస్‌లను ఆన్‌లైన్‌లో తెరిచి ఉంచుతున్నాయి. ఈ దేశంలో పరిశోధన సమాచారాన్ని పంచుకోవడానికి మలేసియా ఓపెన్ సైన్స్ ప్లాట్‌ఫామ్ కూడా మొదలైంది. ఇవన్నీ మంచివే. అయితే ఇవి యూనివర్సిటీ మనుషులు తయారుచేసిన సమాచారం కోసం కట్టినవి. భజన మందిరం లెక్కల పుస్తకానికి అక్కడ దానంతట అది చోటు దొరకదు. ఎవరో ఒకరు పట్టుకెళ్లాలి.

ఒక్క చోట పెడితే చాలదు

ఆన్‌లైన్‌లో పెట్టేస్తే ఇక భయం లేదనుకునే వాళ్లకు మూడు సంగతులు.

మొదటిది మన తెలుగు వాళ్లకు బాగా తెలిసినదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను డిజిటల్ చేయాలని సంకల్పించారు. అందులో భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, తిరుమల తిరుపతి దేవస్థానం వంటివి చేయి కలిపాయి. ఎక్కడా దొరకని తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో అందులోకి వచ్చాయి. కొన్నేళ్లకు ఆ వెబ్‌సైట్ మూగబోయింది. ఇవాళ ఆ పుస్తకాలు మనకు దొరుకుతున్నాయంటే, అంతకు ముందే కార్ల్ మలమూద్ అనే అమెరికన్, ఆయన మిత్రులు లక్షల పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి పెట్టబట్టే.

రెండోది బ్రిటిష్ లైబ్రరీ. ఇండియా ఆఫీస్ కాగితాలన్నీ, అంటే మన పూర్వీకుల వలసల మీద నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు, అక్కడే ఉన్నాయి. 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగింది. ఏం ఉన్నాయో చూసుకునే కేటలాగ్ కూడా నెలల పాటు పనిచేయలేదు.

మూడోది ఆ ఇంటర్నెట్ ఆర్కైవే. 2024 అక్టోబర్‌లో దాని మీదా దాడి జరిగింది. కోట్ల మంది ఖాతాల వివరాలు బయటపడ్డాయి. కొన్ని రోజులు సైట్ ఆగిపోయింది.

మూడింటిలోనూ పాఠం ఒక్కటే. వరద నీళ్ల రూపంలోనే రానక్కర్లేదు. ఎంత పెద్ద సంస్థ అయినా ఒక్క చోటే ఉన్న ప్రతి మా మంచం కింది ట్రంకు పెట్టె లాంటిదే.

పక్కింటి వాళ్లు చేశారు

ఇది ప్రభుత్వాలు చేయాల్సిన పని అని కొందరంటారు. కానీ మన పక్కనే ఉన్న తమిళ సోదరులు ప్రభుత్వం కోసం ఎదురు చూడలేదు. సింగపూర్ తమిళులు స్వచ్ఛందంగా పూనుకుని, 1965 నుంచి 50 ఏళ్లలో అక్కడ వచ్చిన తమిళ సాహిత్య పుస్తకాలను సేకరించారు, రచయితల నుంచి అనుమతులు రాయించుకున్నారు, జాతీయ లైబ్రరీతో కలిసి 2015లో అందరికీ ఉచితంగా అందించారు. లైబ్రరీకి యంత్రాలున్నాయి, సర్వర్లున్నాయి. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో తెలిసింది మాత్రం సంఘానికే. శ్రీలంక తమిళుల నూలహం డిజిటల్ లైబ్రరీ 2005 నుంచి నడుస్తోంది. పుస్తకాలతో పాటు బడి పత్రికలు, ఊరి సావనీర్లు, కరపత్రాలు కూడా దాస్తున్నారు.

మనకూ అనుభవం తక్కువేం లేదు. మలయా ఆంధ్ర సంఘం 1955లో పుట్టింది, అదే నేటి మలేసియా తెలుగు సంఘం. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఒకప్పుడు ఎస్టేట్లలో తెలుగు బడులు నడిచాయి. వీటన్నిటికీ ఆహ్వాన పత్రాలు, ఫొటోలు, సావనీర్లు, హాజరు పుస్తకాలు ఎవరో ఒకరి బీరువాలో ఉండే ఉంటాయి. ఆ బీరువా తాళాలు ఇప్పుడు 75 దాటిన వాళ్ల దగ్గర ఉన్నాయి. వాళ్ల తర్వాత ఆ ఇంట్లో తెలుగు చదవగలిగిన వాళ్లు ఉంటారన్న నమ్మకం లేదు. చదవలేని కాగితాన్ని పిల్లలు ఎందుకు దాస్తారు?

చేయగలిగిన పని

మా ఇంట్లో చేసింది చెబుతాను. పెద్ద యంత్రాలేం కొనలేదు. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌తోనే పేజీకి ఒక ఫొటో తీశాం. తుప్పు పట్టిన గుండుసూదులు, స్టేపుల్స్ తీసేశాం. లామినేషన్ జోలికి వెళ్లలేదు, అది కాగితాన్ని చంపేస్తుంది. ప్రతి పుస్తకానికీ ఒక వివరాల పేజీ రాశాం. ఎవరు రాశారు, ఎప్పుడు, ఏ ఎస్టేట్, ఏమేం ఉన్నాయి. ఈ వివరాలు తెలుగులో, ఇంగ్లిష్‌లో, మలయ్‌లో పెట్టాం. ఊళ్ల పేర్లకు పాత స్పెల్లింగూ కొత్త స్పెల్లింగూ రెండూ ఇచ్చాం. చేతిరాత తెలుగును కంప్యూటర్ ఇంకా సరిగ్గా చదవలేదు కాబట్టి పేర్లను మేమే టైపు చేస్తున్నాం. మామయ్య గారు చదువుతారు, మా అమ్మాయి కొడుతుంది. ‘ఇది ళ కాదు, ల’ అని రోజుకు పదిసార్లు దిద్దుతారు. పిల్లకు తెలుగు క్లాసు వేరే అక్కర్లేకుండా పోయింది.

ఎక్కడ పెట్టాలన్నదానికి దారులున్నాయి. జెనీవాలోని సెర్న్ పరిశోధన కేంద్రం 2013 నుంచి జెనోడో అనే ఉచిత రిపాజిటరీ నడుపుతోంది. ఎవరైనా పెట్టొచ్చు, పెట్టినదానికి డీఓఐ అనే శాశ్వత నంబరు ఇస్తారు. ఎవరికి ఏ పేజీ చూపించాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. అచ్చు పుస్తకాలైతే, అనుమతి ఉన్నవి తెలుగు వికీసోర్స్‌కు వెళ్లొచ్చు. రెండు చోట్ల పెట్టి, మూడో ప్రతి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, నాలుగోది ఇండియాలో చుట్టాల ఇంట్లో ఉంచుకుంటే మంచిది.

సంఘాల పెద్దలకు రెండు మాటలు. మలేసియాలో 1986 నాటి చట్టం ప్రకారం ఇక్కడ అచ్చయిన ప్రతి పుస్తకం ఐదు ప్రతులు జాతీయ లైబ్రరీకి ఇవ్వాలి. ఉగాది సావనీర్ వేసిన ప్రతిసారీ ఐదు ప్రతులు పంపితే మన చేతులు దులుపుకోవడం కాదు, మన ఉనికిని దేశం లెక్కలో ఎక్కించడం. ఇక కాపీరైట్. ఈ దేశంలో అది రచయిత జీవితకాలం, ఆ తర్వాత 50 ఏళ్లు. భారత్‌లో 60. అచ్చు కాని చేతిరాతల లెక్క వేరు. అందుకే వారసులతో ఒక చిన్న అనుమతి పత్రం రాయించుకోవడం అన్ని విధాలా క్షేమం. మా ఇంట్లో మామయ్య గారి తోబుట్టువులు నలుగురితోనూ సంతకం చేయించాం. ఒకాయన సంతకానికి మూడు నెలలు పట్టింది, కాగితం ఇష్టం లేక కాదు, పాత ఆస్తి తగాదా వల్ల. ఇలాంటివీ ఉంటాయని తెలిసి మొదలుపెట్టండి.

చివరికి మామయ్య గారు ఒక మాట మీద ఒప్పుకున్నారు. చందాల పేజీలు, బడి హాజరు పేజీలు తెరిచి పెట్టొచ్చు. కులం రాసిన గడి కనిపించకుండా చేయాలి. అప్పుల పేజీలు ఆయన బతికి ఉండగా బయటికి రాకూడదు, ఆ తర్వాత మనవరాలి ఇష్టం. మా అమ్మాయికి ఇది పూర్తిగా నచ్చలేదు. ఎస్టేట్ బతుకు అర్థం కావాలంటే అప్పుల పేజీలే ముఖ్యమని ఆమె వాదన. అందులోనూ నిజముంది. వాటిని చదివి రాసుకోవడానికి తాత ఒప్పుకున్నారు, పేర్లు రాయకూడదన్న షరతు మీద.

పోయిన వారం టైపు పని రెండో పుస్తకం సగానికి వచ్చింది. ఒక పేజీలో ముత్తాత పేరు దొరికింది. లెక్కలు రాసింది ఆయనే అయినా తన చందా కూడా అందరి మధ్యలో, వరుసలోనే రాసుకున్నారు. రెండు డాలర్లు. పక్కన ఊరి పేరు టెక్కలి దగ్గరి ఒక చిన్న పల్లె. నేను పుట్టిన ఊరికి 12 కిలోమీటర్లు. అదే పేజీలో ఇంకో 31 ఇంటిపేర్లున్నాయి. వాళ్ల మునిమనవళ్లు ఏ దేశంలో ఉన్నారో మాకు తెలియదు. మీలో ఎవరైనా కావచ్చు. పేరు కొట్టి చూసేనాటికి అది అక్కడ ఉండాలనే ఈ పని. మీ ఇంట్లో ఉన్న పుస్తకంలో మా వాళ్ల పేరు ఉండొచ్చు, ఈ ఆదివారం ఒకసారి బీరువా తీసి చూడండి.